ఎడమ పక్క పుదీనా

మా అక్క టమాటాలు కోసి సలాడ్ చేయగలదా లేదా అని ఆసుపత్రిలో పరీక్ష పెట్టారు. ముప్పై ఒక్క సంవత్సరాలు మిల్లు క్యాంటీనులో రోజుకి నాలుగు వందల మందికి వండి వడ్డించిన మనిషికి. "చేపపిల్లకి ఈత నేర్పుతారా?" అని ఆ పొద్దున్నుంచి కనబడిన వాళ్ళందరినీ అడుగుతూనే ఉంది. నర్సుని అడిగింది, నేల తుడిచే ఆవిడని అడిగింది, ఎవరూ దొరకనప్పుడు నన్ను అడిగింది. నేను జవాబు చెప్పలేదు. చెబితే పరీక్షకి ముందే మా ఇద్దరికీ ఇంకో పరీక్ష మొదలవుతుంది.

ఏడు వారాల కిందట అక్కకి మెదడులో కుడి పక్క రక్తం గడ్డకట్టింది. మాట ముందుగా వచ్చేసింది. వస్తుందనడంలో నాకు అనుమానమే లేదు, మిల్లులో అందరూ ఆవిడకి పెట్టిన పేరు సైరన్. తరవాత కాలు వచ్చింది, చేతికర్ర పట్టుకుని నడుస్తోంది. ఎడమ చెయ్యి కూడా కదులుతోంది. రానిదల్లా ఎడమ పక్క. అంటే ఆవిడ ఒంట్లో ఎడమ పక్క కాదు, లోకంలో ఎడమ పక్క. కళ్ళు బాగానే ఉన్నాయిట, అటు ఉన్నదాన్ని మెదడు లెక్కలోకి తీసుకోవడం లేదుట. డాక్టరు ఇది చెప్పినప్పుడు నాకు అర్థం కాలేదు. మర్నాడు అర్థమైంది. నేను మంచానికి ఎడమ పక్కన ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉండగా, "మా చెల్లెలు ఇవాళ రాలేదు చూశావా, దానికి తీరికెక్కడిది," అని నర్సుతో నా మీద చాడీలు చెప్పింది.

జుట్టు కుడి సగమే దువ్వుకుంటుంది. గడియారం బొమ్మ గీయమంటే పన్నెండు అంకెలూ కుడి సగంలోనే కుక్కింది. ఇదేమిటక్కా అంటే, గోడ మీదున్న గడియారమే తప్పంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, ఆ మూడూ కుడి పక్కనే. తనకేదో కనబడటం లేదని ఎవరు చెప్పినా నమ్మదు. లేనిదాన్ని ఎలా చూస్తారంటుంది.

ఈ పరీక్ష ఆఖరిది. మెట్లు ఎక్కి దిగడం పాసైంది, స్నానం పాసైంది, మందుల డబ్బా సర్దుకోవడం కిందా మీదా పడి పాసైంది. ఇది కూడా అయితే, సైకిలు షాపు మీద ఉన్న తన రెండు గదుల ఇంటికి తను వెళ్ళిపోవచ్చు. కాకపోతే ఎవరో ఒకరి దగ్గర ఉండాలి. ఎవరో ఒకరంటే నేనే, మాకు ఇంకెవరూ లేరు.

నా ఇంట్లో గదికి కొదవ లేదు. మా ఆయన రిటైరై పగలంతా ఇంట్లోనే ఉంటాడు కాబట్టి మనిషి తోడుకీ కొదవ లేదు. కానీ ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. నాలుగేళ్ళ కిందట తన ఇంటి పైకప్పు బాగుచేస్తున్నప్పుడు అక్క మా ఇంట్లో మూడు రోజులుంది. మొదటి రోజు నా డబ్బాలన్నీ సర్దింది. రెండో రోజు నా కత్తులు పదును పెట్టించింది, పెట్టించి, ఇన్నాళ్ళూ నేను కూరగాయలు కోయలేదనీ నలిపాననీ మా ఆయనతో చెప్పింది. మూడో రోజు నేను గరిటె విసిరాను. తగల్లేదు. తరవాత ఏడు నెలలు మాట్లాడుకోలేదు. అందుకని అక్క పాసవ్వాలని నేను చాలా గట్టిగా కోరుకున్నాను. ఎవరి కోసం కోరుకుంటున్నానో అప్పుడు ఆలోచించలేదు.

నా ఉద్యోగం గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఆ రోజు నేను పడ్డ అవస్థ తెలియదు. నేను కారు నడపడం నేర్పుతాను. ఇరవై రెండేళ్ళుగా పొద్దున ఆరింటినుంచీ నా నోట్లోంచి వచ్చే మాట ఒక్కటే: ఎడమ పక్క చూడు. ఎడమ అద్దం చూడు, ఎడమ పక్క స్కూటరు వస్తోంది చూడు. మా స్కూలు కార్లలో నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర రెండో బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు చూసుకోకపోతే నేను తొక్కుతాను. అలాంటి దాన్ని తెచ్చి, ఎడమ పక్క కనబడని మనిషి వెనక కుర్చీ వేసి, నోరు మూసుకుని కూచోమన్నారు.

నాలుగో అంతస్తులో ఒక గదిని ఇంటి వంటిల్లులాగా తయారుచేశారు. సింకు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, గోడ పొడుగునా రాతి గట్టు. గోడకి క్యాలెండరు కూడా ఉంది, నెల మాత్రం ఎవరూ మార్చలేదు. పరీక్ష పెట్టే థెరపీ అమ్మాయికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మెల్లగా మాట్లాడుతుంది. చేతిలో అట్ట, అట్ట మీద కాగితం, కాగితం నిండా గళ్ళు.

నన్ను పక్కకి పిలిచి చెప్పింది. "మీరు మాట్లాడకూడదండి. వేలు పెట్టి చూపించకూడదు, దగ్గకూడదు. మనం చెప్పకుండా, చూపించకుండా ఆవిడే పూర్తి చేస్తే, ఒంటరిగా ఉండగలరని రాస్తాను. మధ్యలో సాయం కావలసి వస్తే, తోడు కావాలని రాస్తాను."

"దగ్గొస్తే?" అన్నాను.

"ఆపుకోండి," అంది. మెల్లగా మాట్లాడే వాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలి.

అక్క గట్టు ముందు నిలబడి చేతికర్ర పక్కన ఆనించింది. థెరపీ అమ్మాయి పని చెప్పింది. టమాటా సలాడ్, ఇద్దరికి. ఆరు టమాటాలు. పుదీనా, కొత్తిమీర ఆఖర్న వెయ్యాలి. కావలసినవన్నీ గట్టు మీదే ఉన్నాయి, పొయ్యి వెలిగించక్కర్లేదు.

"పొయ్యి వెలిగించకుండా వంటేమిటి?" అంది అక్క.

"ఎండాకాలం కదండీ," అంది అమ్మాయి.

ఆ మాట మాత్రం అక్కకి నచ్చింది. ఎండలు ముదిరితే క్యాంటీనులో మధ్యాహ్నం పూట వేడి వేడివి ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు, మగ్గాల దగ్గర చెమటతో తడిసి వచ్చినవాళ్ళకి ఇదే పెద్ద పెద్ద పళ్ళాల్లో చేసిపెట్టేదాన్నని చెబుతూ గట్టు మీదికి చూసింది. గట్టు మీద కుడి పక్క మూడు టమాటాలు, కత్తి, కూరగాయలు కోసే పలక, ఉప్పు, నిమ్మకాయ, ఉల్లిపాయ, మిరియాలు, నూనె సీసా ఉన్నాయి, మధ్యలో గిన్నె ఉంది. ఎడమ పక్క ఇంకో మూడు టమాటాలు, గ్లాసెడు నీళ్ళలో నిలబెట్టిన పుదీనా, కొత్తిమీర కట్టలు ఉన్నాయి.

అక్క మూడు టమాటాలు తీసుకుంది.

"ఆరన్నావు, మూడే ఇచ్చావు," అంది. "మా క్యాంటీనుకి సరుకు తెచ్చేవాడూ ఇంతే. చెప్పేది ఒకటి, దింపేది ఒకటి." థెరపీ అమ్మాయి కాగితం మీద ఏదో రాసుకుంది. నా కుడి కాలు అప్పటికే నేలని ఒకసారి తొక్కింది.

ఒక్కో టమాటానీ తొడిమ దగ్గర వాసన చూసింది. చూస్తూ ఆ అమ్మాయికి పాఠం మొదలుపెట్టింది. వాసనంతా తొడిమ దగ్గరే ఉంటుంది. అక్కడ వాసన లేకపోతే లోపల రుచి ఉండదు. ఫ్రిజ్‌లో పెట్టిన టమాటా రంగుకే పనికొస్తుంది. ఇవి ఫ్రిజ్‌లో పెట్టినవి కావు, సంతోషం. కానీ కత్తి బాగాలేదు, దీంతో వెన్న కూడా తెగదు. ఆడలేక మద్దెల ఓడు అని నేను మనసులో అనుకున్నాను, అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడ్డాను. ఎందుకంటే కత్తి నిజంగానే బాగాలేదు.

తొడిమ కింద గట్టిగా ఉండే తెల్లటి భాగాన్ని కోసి తీసేసింది. చక్రాల్లా కోయలేదు, చెక్కలుగా కోసింది. పల్చగా కోస్తే ఉప్పు తగలగానే నీరుగారిపోతాయిట. టమాటాని పట్టుకోవలసిన ఎడమ చెయ్యి పలక మీద ఎక్కడో పడి ఉంది. ఆ చెయ్యి ఒకటి ఉందని అక్కకి గుర్తొచ్చినప్పుడు వచ్చి పట్టుకుంటుంది, మరిచిపోయినప్పుడు జారిపోతుంది. కత్తి వేళ్ళకి అంగుళం దూరంలోకి వచ్చింది. నేను లేని బ్రేకుని రెండు కాళ్ళతో తొక్కాను. థెరపీ అమ్మాయి ఒక అడుగు ముందుకేసింది. వేళ్ళు వాటంతటవే లోపలికి ముడుచుకున్నాయి, కత్తి వాటి కణుపులని రాసుకుంటూ దిగింది. ముప్పై ఏళ్ళ అలవాటు ఆ చేతిలో ఇంకా ఉంది. చెయ్యి ఉందో లేదో ఆవిడకి తెలియకపోయినా, చేతికి ఆవిడ తెలుసు.

ముక్కలని గిన్నెలో వేసి ఉప్పు చల్లింది. పది నిమిషాలు కదపకూడదంది. టమాటాలు ఉప్పుతో తమ నీరు తాము వదులుతాయి, ఆ నీళ్ళలోనే నిమ్మరసం పిండి, చెంచాడు నూనె వేస్తే అదే పులుసు, అదే సారం, ఇంకేం అక్కర్లేదు. ఆ నీళ్ళు పారబోసేవాళ్ళు వంట మానేసి వేరే పని చూసుకోవాలి. ఉల్లిపాయని కాగితంలా తరిగి చల్లటి నీళ్ళలో పడేసింది, ఘాటు విరగడానికి. ఇదంతా చేస్తూ మిల్లులో ఒకసారి నిమ్మకాయలు రాకపోతే ఏం చేసిందో చెప్పింది, మేస్త్రీని ఎలా తిట్టిందో చెప్పింది. ఏడు వారాల్లో అంత హుషారుగా నేనావిడని చూడలేదు. అమ్మాయి పెన్ను ఒక్కో గడి దగ్గరా ఆగి టిక్కు పెడుతోంది.

"ఇప్పుడు ఆకు," అంది అక్క.

ఆకు లేదు. కుడి పక్కనుంచి గిన్నె దాకా చూసింది. మళ్ళీ కుడి చివరనుంచి మొదలుపెట్టి గిన్నె దాకా చూసింది. ఉప్పు డబ్బా పక్కకి జరిపి చూసింది. గిన్నె దగ్గరికి వచ్చేసరికి ఆవిడ లోకం అయిపోతోంది. గిన్నెకి జానెడు అవతలే గ్లాసు ఉంది.

"పుదీనా ఎక్కడ పెట్టావమ్మాయ్?"

"గట్టు మీదే ఉందండి."

"గట్టు మీదుంటే నాకు కనబడదా?"

అమ్మాయి పెదవి కొరుక్కుంది. అక్క ఇంకోసారి వెతికింది, ఈసారి చేత్తో తడుముతూ. నుదుటి మీద చెమట కారి కంట్లో పడుతోంది, తుడుచుకోవడం లేదు. చివరికి చెయ్యి దించేసింది.

"లేకపోతే లేకపోయిందిలే," అంది. "ఉన్నదాంతో కానిచ్చేద్దాం."

మా అక్క నోట్లోంచి ఆ మాట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. గుప్పెడు ఆకు తక్కువైందని వడ్డన ఆపి, మనిషిని బజారుకి తరిమిన మనిషి. నాలుగు వందల మంది పళ్ళాలు పట్టుకుని వరసలో నిలబడి ఉండగా. కానిచ్చేద్దాం అనడం ఆవిడకి చేతకాదు, చేతకాదనే అందరూ ఆవిడంటే భయపడేవారు. అది విన్నాక నేను కుర్చీలో కూచోలేకపోయాను.

లేచాను. కిటికీ దగ్గర స్టూలు మీద టేబుల్ ఫ్యాను ఉంది, గట్టుకి ఎడమ చివర. గాలంతా వెనక నా కుర్చీ మీదికి వస్తోంది. అక్కకి చెమట పడుతోందని లేచానని చెప్పుకోవచ్చు. చెప్పను. ఫ్యాను తలని పుదీనా మీదుగా అక్క వైపు తిప్పి, వచ్చి కూచున్నాను. థెరపీ అమ్మాయి నన్నే చూసింది. పెన్ను కాగితం మీద ఆగింది. ఏమీ రాయలేదు.

ఒక నిమిషం ఏమీ జరగలేదు. అక్క నిమ్మకాయ చేతిలోకి తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. మొహం ఎత్తింది. ముక్కుపుటాలు కదిలాయి. ముందు మెడ తిరిగింది, తరవాత భుజం, ఆ తరవాత ఒళ్ళంతా. కుడి చెయ్యి గిన్నె దాటి, ఎప్పుడూ దాటని చోటికి వెళ్ళి ఒక టమాటాని తాకి ఆగిపోయింది. దాని పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. ఆ తరవాత గ్లాసు.

"ఇవెప్పుడు పెట్టావమ్మాయ్?"

"నేను పెట్టలేదండి. మీరు లోపలికి రాకముందునుంచీ అక్కడే ఉన్నాయి."

ఆ అమ్మాయి అక్కకి ఆరడుగుల వెనక నిలబడి ఉంది. అక్క ఆ దూరం చూసుకుంది. తల కుడి పక్కకి తిప్పింది, ఎడమ పక్కకి తిప్పింది, మళ్ళీ కుడికి తిప్పింది. ఇటు తిప్పితే పోతున్నాయి, అటు తిప్పితే ఉంటున్నాయి. అలా నాలుగైదుసార్లు చేసింది. ఏడు వారాలుగా డాక్టర్లూ నేనూ నోళ్ళు నొప్పిపుట్టేలా చెప్పినది, ఆవిడ అప్పుడు మొదటిసారి వింది.

నా వైపు తిరిగింది. "నువ్వు చూశావా?"

తలూపాను.

"చూస్తూ కూచున్నావా?"

"చెప్పకూడదన్నారు అక్కా."

చాలాసేపు గ్లాసు వంకే చూసింది. "ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయే?" అని అడిగింది. సైరన్ గొంతు కాదది. ఎవరో చిన్నపిల్ల గొంతు. నాకు లేచి పట్టుకోవాలనిపించింది, కానీ పరీక్ష ఇంకా అవలేదు.

మిగిలిన మూడు టమాటాలూ కోసింది. వాటికీ ఉప్పు వేసి, పది నిమిషాలూ నిలబడే ఆగింది, కూచోమన్నా కూచోలేదు. ఈసారి కథలు చెప్పలేదు. నిమ్మకాయ పిండింది, నూనె వేసింది, మిరియాలు చిదిమి చల్లింది, ఉల్లిపాయ నీళ్ళు వార్చి కలిపింది. పుదీనాని కత్తితో కోయకుండా వేళ్ళతో తుంచింది. కత్తి తగిలితే ఆకు నల్లబడుతుందని ఆవిడ చెప్పకపోయినా నాకు తెలుసు, చిన్నప్పుడు ఆ తప్పుకి మొట్టికాయలు తిన్నాను. కొత్తిమీర కాడలతో సహా వేసింది. రెండు చేతులతో గిన్నె పట్టుకుని ముక్కలని ఒకసారి ఎగరేసి, మూడు పళ్ళాల్లో పెట్టింది. ఇద్దరికి చెయ్యమంటే ముగ్గురికి పెట్టడం ఆవిడ అలవాటు.

థెరపీ అమ్మాయి కాగితంలో ఆఖరి గడి దగ్గరికి వచ్చింది. "ఎవరూ చెప్పలేదు, చూపించలేదు," అంది, నన్ను చూడకుండా. "మీ అంతట మీరే పూర్తిచేశారు. ఒంటరిగా ఉండగలరనే నేను..."

"ఆగమ్మాయ్," అంది అక్క. "ఫ్యాను ఎవరు తిప్పారు?"

చేత్తో నుదురు తుడుచుకుంది.

"ఇంతసేపూ చెమటతో ఉడికిపోయాను. ఉన్నట్టుండి గాలి. పుదీనా దానంతటది నన్ను పిలవదు."

"నేనే అక్కా," అన్నాను.

"నేనూ చూశానండి," అంది అమ్మాయి. "అది సాయం కిందికి వస్తుందో రాదో నాకు తెలియలేదు. ఫ్యాను గురించి ఈ కాగితంలో లేదు."

"కాగితంలో లేకపోతే నీకు కళ్ళు లేవా," అంది అక్క, కోపంగా కాదు. తరవాత నన్నడిగింది. "నా వంటింట్లోకి వెళ్తే పొయ్యి ఏ పక్కన ఉంటుందే?"

ఆ ఇంట్లో కళ్ళు మూసుకుని నడవగలను. "ఎడమ పక్కన," అన్నాను.

"అక్కడ ఫ్యాను తిప్పేదెవరు?"

అక్క చేతికర్ర అందుకుని, మెల్లగా బల్ల దగ్గరికి వచ్చి కూచుంది. "తోడు కావాలని రాసుకో అమ్మాయ్," అంది. రాయడం అయ్యేదాకా కాగితం వంకే చూసింది. క్యాంటీనులో సరుకు బిల్లుకి స్టాంపు వేయించేముందు చూసినట్టు చూసింది. సైకిలు షాపు మీద గదులూ, కిటికీలోంచి షాపు వాడితో రోజూ వేసుకునే పోట్లాటా, తన డబ్బాలూ తన కత్తులూ, అన్నీ ఆ ఒక్క గడిలో పోయాయి. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోమని ఈసారి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఏడ్చాను.

"నువ్వెందుకు ఏడుస్తావు?" అంది. "ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ ఫ్యాను తిప్పింది నేను మా ఇంటికి పోవాలనా? మీ ఇంటికి రాకూడదనా?"

అబద్ధం నాలుక చివరే ఉంది. అదీ మంచి అబద్ధమే, ఎవరికీ నష్టం లేనిది.

"రెండూ," అన్నాను.

థెరపీ అమ్మాయి అట్ట తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది. అక్క నన్ను తేరిపార చూసింది. ఆ చూపుకి మిల్లులో మేస్త్రీలు కూడా తల దించుకునేవారు. నేను దించుకోలేదు.

"అయితే వస్తాను," అంది. "మొదటిదే అని చెప్పి ఉంటే రాకపోదును. పొద్దున లేస్తే అబద్ధాలు చెప్పుకుంటూ ఒక ఇంట్లో ఉండలేం."

"డబ్బాలు సర్దకూడదు," అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"కుడి పక్కవే సర్దుతాలే," అంది.

ముగ్గురం తిన్నాం. చెబితే నమ్మాలి, అంత మంచి సలాడ్ నేను ఆ ఎండాకాలంలో ఇంకెక్కడా తినలేదు. పుల్లగా, చల్లగా, పుదీనా ముక్కుకి తగులుతూ. థెరపీ అమ్మాయి పళ్ళెం ఎత్తి అడుగున ఉన్న నీళ్ళు కూడా తాగేసింది. అక్క తన పళ్ళెంలో కుడి సగం శుభ్రంగా తినేసి చెంచా కింద పెట్టింది. ఎడమ సగం అలాగే ఉంది, ఎర్రగా, మీద రెండు ఆకులతో.

వార్డులో ప్రతి పూటా ఇక్కడే గొడవయ్యేది. ఇంకా ఉందని నేను, లేదని తను. నేను పళ్ళెం తిప్పితే, ఎక్కడినుంచో తెచ్చి వేశానని తను. అందుకని ఊరుకున్నాను. అక్క నా పళ్ళెం చూసింది, ఆ అమ్మాయి పళ్ళెం చూసింది, తన పళ్ళెం చూసుకుంది.

"ఇంకా ఉందా?" అని అడిగింది.

"ఉందక్కా."

"ఎంత?"

"నువ్వు తిన్నంత."

అక్క తల తిప్పలేదు. తిప్పడానికి ఓపిక అయిపోయిందో, భయమేసిందో నాకు తెలియదు. చెంచా తీసుకుని, ఏమీ లేనిచోట పెడుతున్నట్టు జాగ్రత్తగా, ఎడమ పక్కకి పోనిచ్చింది.

"నాకైతే ఏమీ లేదే," అంది. "నువ్వు ఉందంటున్నావు కాబట్టి ఉంది."